ముందు నమ్మకం, తర్వాత నలుగురి పరీక్ష

గద్వాలలో పది పడకల నర్సింగ్ హోమ్ పెట్టాలన్నా, వనపర్తిలో రక్తపరీక్షల ల్యాబ్ తెరవాలన్నా, నాగర్‌కర్నూల్‌లో ఒక డాక్టరు ఒంటరిగా ఒక గది తీసుకుని ఓపీ చూడాలన్నా ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ఆధారం 2010లో పార్లమెంటు చేసిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం. ఆస్పత్రి పెట్టేవారికి ఇది ఒక ఫారం, ఒక ఫీజు, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు చుట్టూ నాలుగు తిరుగుళ్లు. రోగుల్లో చాలామందికి ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. సెక్షన్లను వరుసగా చదివితే మాత్రం, మనుషుల స్వభావం, మన ఊళ్ల పరిస్థితి తెలిసినవారు ఎంతో శ్రద్ధగా రాసిన చట్టమని అర్థమవుతుంది. ఆ పనితనాన్ని పరిచయం చేయడానికే ఈ వ్యాసం.

ఆస్పత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశం. పార్లమెంటు తనంతట తాను దేశమంతటికీ ఇలాంటి చట్టం చేయలేదు. అరుణాచల్ ప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్, మిజోరం, సిక్కిం శాసనసభలు కోరితే, రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద దీన్ని చేసింది. 2012 మార్చి 1న ఆ నాలుగు రాష్ట్రాల్లో, ఢిల్లీ మినహా కేంద్రపాలిత ప్రాంతాల్లో అమల్లోకి వచ్చింది. ఇష్టమున్న రాష్ట్రం తీర్మానం చేసుకుని చేరవచ్చు. అలా చేరిన రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అంతకుముందు మనకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో చేసిన చట్టం ఉండేది. అది ప్రైవేటు ఆస్పత్రుల కోసం చేసినది. 2010 చట్టం ప్రభుత్వ ఆస్పత్రినీ, ట్రస్టు ఆస్పత్రినీ, ఒక్క డాక్టరు నడిపే క్లినిక్‌నూ ఒకే గాటన కట్టింది. అల్లోపతితో పాటు ఆయుర్వేదం, హోమియో, యునానీ కూడా దీని కిందికే వస్తాయి. మినహాయింపు సైనిక దళాల ఆస్పత్రులకే. ఇతరులకు నిబంధన పెట్టే ప్రభుత్వం తానూ అదే నిబంధనకు లోబడడం ఈ చట్టంలో నాకు మొదట నచ్చిన అంశం.

రిజిస్టరు చేసే అధికారం జిల్లా స్థాయిలోనే ఉంది. కలెక్టరు అధ్యక్షులు, జిల్లా వైద్యాధికారి కన్వీనరు, వారితో మరో ముగ్గురు సభ్యులు. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ నుంచి విడిపడి జిల్లాలయ్యాయి. అలంపూర్ మనిషి ఇప్పుడు కాగితం పట్టుకుని మహబూబ్‌నగర్ దాకా వెళ్లనక్కర్లేదు, గద్వాల చాలు. ఇది దరఖాస్తుదారుడికి సౌకర్యం. అభ్యంతరం చెప్పదలచిన రోగికి ఇంకా పెద్ద సౌకర్యం. చట్టం ఆ రోగి కోసం ఏం చేసిందో ముందు ముందు చూద్దాం.

అసలు నేర్పు 14 నుంచి 17 వరకు ఉన్న సెక్షన్లలో కనిపిస్తుంది. దరఖాస్తు స్వయంగా ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. అందిన 10 రోజుల్లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. దానికి ముందు ఎలాంటి విచారణా చేయకూడదని 16వ సెక్షన్ సూటిగా చెబుతుంది. మొదటిసారి చదివినవారికి ఇది విడ్డూరంగా తోస్తుంది. రోగుల ప్రాణాలతో ముడిపడిన చోట తనిఖీ లేకుండా అనుమతా అనిపిస్తుంది. కానీ తనిఖీకి వచ్చేవారి కోసం నెలల తరబడి ఎదురుచూపులు, ఫైలు కదలడానికి బతిమాలడాలు ఎక్కడ మొదలవుతాయో చట్టం రాసినవారికి తెలుసు. ఆ తలుపును మొదట్లోనే మూసేశారు. బదులుగా, అనుమతి ఇచ్చిన 45 రోజుల్లో ఆ సంస్థ వివరాలన్నీ బయట ప్రకటించాలని అధికారులకు గడువు పెట్టారు. ఈ తాత్కాలిక పత్రం ఏడాది పాటు చెల్లుతుంది. గడువు ముగియడానికి 30 రోజుల ముందే రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి.

ఇంగ్లండ్ దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. అక్కడ 2009 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టిన కేర్ క్వాలిటీ కమిషన్ ముందు అన్నీ పరిశీలించి, తృప్తి చెందాకే సేవ మొదలుపెట్టనిస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా మొదలుపెడితే నేరం. ఆస్పత్రులే కాదు, వృద్ధుల సంరక్షణ గృహాలూ దాని పరిధిలోనే ఉంటాయి. ఆ పద్ధతికి పెద్ద యంత్రాంగం కావాలి. వేలాది చిన్న క్లినిక్‌లు అప్పటికే నడుస్తున్న దేశంలో అదే పద్ధతి పెడితే సగం ఊళ్లకు వైద్యమే అందదు. అందుకే మన చట్టం ముందు అందరినీ లెక్కలోకి తెచ్చుకుని, ఆ తర్వాత పరీక్ష పెడుతుంది.

ఆ పరీక్ష శాశ్వత రిజిస్ట్రేషన్ దగ్గర వస్తుంది. కనీస ప్రమాణాలు పాటిస్తున్నామని సంస్థ ఆధారాలు చూపాలి. 26వ సెక్షన్ ప్రకారం ఆ ఆధారాలన్నిటినీ 30 రోజుల పాటు ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలుంటే చెప్పమని అడగాలి. వచ్చిన అభ్యంతరాలను సంస్థకు పంపితే, జవాబివ్వడానికి 45 రోజులుంటాయి. ఆ తర్వాత 30 రోజుల్లో ఔనో కాదో తేల్చాలి. కాదంటే కారణం చెప్పాలి. లోపం సరిదిద్దుకుని మళ్లీ దరఖాస్తు చేసే దారి తెరిచే ఉంటుంది. ఔనంటే ఆ పత్రం ఐదేళ్లు చెల్లుతుంది. ఇన్‌స్పెక్టరు ఒక్కడి కంటికే వదిలేయకుండా, ఆ ఆస్పత్రిలో ఇంజెక్షన్ చేయించుకున్నవాడికీ పరీక్షించే హక్కు ఇచ్చింది ఈ చట్టం. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద హక్కు ఇమిడి ఉండడం అరుదు.

ఇక దరఖాస్తు ఫారాన్ని దగ్గరగా చూద్దాం. పేరు, చిరునామా, వైద్య విధానం, పడకలు, సిబ్బంది, ఇన్‌పేషెంటా ఔట్‌పేషెంటా, ల్యాబా స్కానింగా అన్న వివరాలు మామూలే. యజమాని పేరు ఒక గడిలో, ఇన్‌చార్జి పేరు, అర్హత మరో గడిలో రాయాలి. డబ్బు పెట్టినవాడు ఒకడు, వైద్యానికి జవాబుదారీ మరొకరు కావచ్చని ఫారం గుర్తించింది. మన పట్టణాల్లో బోర్డు మీద పేరున్న డాక్టరు వేరు, లోపల సూది వేసే చేయి వేరు అయ్యే ప్రమాదం ఎంతుందో తెలిసినవారికి ఆ రెండో గడి విలువ తెలుస్తుంది. సర్టిఫికెట్టు ఇంకొకరికి బదిలీ కాదు. యాజమాన్యం మారితే చెప్పాలి. చోటు మారినా, సేవల రకం మారినా పాతది వాపసు ఇచ్చి కొత్తది తీసుకోవాలి.

12వ సెక్షన్‌లో మరో మేలిమి నిబంధన ఉంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషి గడప తొక్కితే, ఉన్న సిబ్బందితో, ఉన్న సౌకర్యాలతో అతని పరిస్థితి నిలకడ పడేదాకా వైద్యం చేస్తామని ప్రతి సంస్థా ఒప్పుకోవాలి. గాయపడినవాడికి తక్షణ వైద్యం అందించడం డాక్టరు ధర్మమని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. చట్టం ఆ ధర్మాన్ని రిజిస్ట్రేషన్ షరతుగా మార్చింది. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని, నల్లమలలో మన్ననూర్ దాటి శ్రీశైలం వెళ్లే దారిని తలచుకుంటే ఈ షరతు మన మూడు జిల్లాలకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. పెద్దాస్పత్రి చేరేలోపు దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోమ్ ఇచ్చే అరగంట వైద్యమే ప్రాణం నిలుపుతుంది.

శిక్షల్లోనూ తూకం కనిపిస్తుంది. 2010లో రాసిన ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేల రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన 5 లక్షల దాకా జరిమానా. రిజిస్ట్రేషన్ లేదని తెలిసీ అక్కడ పనిచేసినవారికి 25 వేల దాకా. రోగికి తక్షణ ప్రమాదం లేని చిన్న లోపానికి మాత్రం 10 వేలకు మించదు. రద్దు చేయాలంటే కారణం చెప్పమని ముందు నోటీసు ఇచ్చి, మూడు నెలల గడువివ్వాలి. రోగుల ప్రాణాలకు ముప్పు ముంచుకొచ్చిందనుకుంటే అప్పటికప్పుడే ఆపించవచ్చు. నిజాయితీగా నడిపేవాడికి భయం లేకుండా, ప్రమాదకారికి సందు లేకుండా రాశారు.

పత్రాన్ని లోపలికి వచ్చే ప్రతివారికీ కనిపించే చోట పెట్టాలని 18వ సెక్షన్ చెబుతుంది. ఏ సేవకు ఎంత తీసుకుంటారో స్థానిక భాషలో, ఇంగ్లిషులో రాసి పెట్టాలన్నది 2012 కేంద్ర నిబంధన. స్కానింగ్ ఉంటే లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద విడిగా రిజిస్ట్రేషనూ, లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డూ తప్పనిసరి. ఇవన్నీ కలిసి ఆస్పత్రి గోడను రోగి చదువుకోగల పుస్తకంగా మారుస్తాయి.

ఆ పుస్తకాన్ని చదివేవారు లేకపోతే చట్టంలోని పనితనమంతా వృథా. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటిలో చదివి బయటికొచ్చే పిల్లల్లో కొందరైనా ఇక్కడే క్లినిక్‌లు తెరుస్తారు. వారికి నా విన్నపం: ఫారంలోని ప్రతి గడినీ నిజంతో నింపండి. రోగులకు నా విన్నపం: ఆస్పత్రిలో టోకెన్ తీసుకునే ముందు గోడ మీది సర్టిఫికెట్టు చూడండి. దాని తేదీ చూడండి, పేరు చూడండి. లేకపోతే అడగండి. అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టింది మీ కోసమే.