రెయిన్‌బో బోవా పనితనం, పాలమూరు ఎండ

నీడలో చూస్తే రెయిన్‌బో బోవా ఒట్టి ఇటుక రంగు పాము. వీపు పొడవునా నల్లటి వలయాలు, పక్కల మీద నల్లటి మచ్చలు, ఒక్కో మచ్చ నెత్తిన నారింజ రంగు నెలవంక. అదే పామును ఎండపొడలోకి తెస్తే ఒంటి మీద నీలం, ఆకుపచ్చ, ఊదా జారిపోతూ కనిపిస్తాయి. పాము కదిలితే రంగులు కదులుతాయి. అది కదలకపోయినా, మనం తల కొంచెం వంచితే చాలు, మారిపోతాయి.

గద్వాల మగ్గాల దగ్గర పెరిగినవాళ్లకు ఈ గారడీ కొత్త కాదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన నెమలికంఠం చీర కూడా ఇలాగే చూపును బట్టి రంగు మారుస్తుంది. అయితే చీరలో ఆ రెండు రంగులూ నిజంగానే ఉన్నాయి, అద్దకం తొట్టిలోంచి వచ్చాయి. పాము చర్మంలో ఉన్న అసలు రంగులు ఇటుక ఎరుపూ నలుపూ నారింజా మాత్రమే. నీలానికీ ఆకుపచ్చకూ అక్కడ రంగు పదార్థమే లేదు. పొలుసుల పైపొరలో కంటికి ఆనని సన్నని అమరిక ఒకటుంది. మీద పడ్డ తెల్లటి వెలుగును అదే విడగొట్టి, ఒక్కో కోణంలో ఒక్కో రంగును మన వైపు పంపుతుంది. పైపొర మారితే మెరుపూ మారుతుంది. కుబుసం విడిచే ముందు ఒళ్లు మసకబారుతుంది, కళ్లు పాలపొర కమ్మినట్టవుతాయి. విడిచిన వెంటనే చూడాలి దాని అందం.

1758లో లిన్నేయస్ శాస్త్రీయ నామం పెట్టిన ఈ పాము సొంతూరు దక్షిణ అమెరికా. పేరుపడ్డ ఎర్రరకం అమెజాన్ తడి అడవుల్లోది. పెంచుకుందామా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ తడిలోనే ఉంది. గాలిలో తేమ ఎప్పుడూ 80 శాతం దరిదాపుల్లో ఉండాలి. వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య సాగాలి. పిల్ల పాములైతే ఒకటి రెండు రోజుల పొడిగాలికే వడలిపోతాయి. వనపర్తిలో ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి నేను చెప్పాలా? నలభై దాటుతుంది, గాలిలో చెమ్మ ఉండదు. కూలరు పెడతామంటారు. కరెంటు పోయిన మధ్యాహ్నం సంగతేమిటి? పెట్టె బిగించి లోపల నీళ్లు చిలకరిస్తే తేమ నిలుస్తుంది, గాలి ఆడదు. అప్పుడు పొట్ట పొలుసులు కుళ్లుతాయి, ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. గేదెకో గొర్రెకో అయితే దగ్గర్లోనే వైద్యం దొరుకుతుంది. పాముకు చికిత్స తెలిసిన చెయ్యి కావాలంటే హైదరాబాదు దారి పట్టాలి.

మంచి పెంపకంలో ఇది ఇరవై ఏళ్లు బతుకుతుంది, నాలుగు నుంచి ఆరడుగులు పెరుగుతుంది. ఇంటర్ చదివే కుర్రాడు ముచ్చటపడి కొంటే, వాడి పిల్లలు బడికి పోయేనాటికీ ఎలుకలు తెచ్చిపెడుతూనే ఉండాలి. చట్టం సంగతీ ఉంది. ఇది అంతర్జాతీయ వ్యాపారంపై సైటీస్ ఒప్పందం కట్టడి చేసిన జాతి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి విదేశీ జంతువు ఇంట్లో ఉంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, చేతులు మారినా తెలపాలి. కాగితాలు లేని పామును చవగ్గా ఇస్తామనేవాణ్ని నమ్మొద్దు.

ఇంత చెప్పాక, మన నేలకు సరిపోయిన పాము లేదా అంటే, ఉంది. రెయిన్‌బో బోవాకు దూరపు చుట్టమే. నడిగడ్డ నుంచి నల్లమల అంచుదాకా ఎర్రచెల్కల్లో, పల్లి చేలల్లో మట్టిలో దూరి తిరిగే రెండు తలల పాము. దీనికి మెరుపు లేదు. నన్నడిగితే పనితనంలో ఇదే ఒక మెట్టు పైన. ఇందులో సొగసు కోసం పెట్టినది ఒక్కటీ కనిపించదు. ముట్టె పార మొనలా పలచబడి ముందుకు సాగి ఉంటుంది, వదులు మట్టిని చీల్చడానికి. కళ్లు చిన్నవి. మెడ ఎక్కడో తెలియదు, మట్టి పట్టుకునే మలుపు ఎక్కడా లేదు. పొలుసులు నున్నగా, దగ్గరదగ్గరగా పేర్చినట్టుంటాయి. ఇక తోక ఉంది చూశారూ, సన్నబడకుండా తలలాగే మొండిగా ముగుస్తుంది. బెదిరితే అసలు తలను చుట్టల కింద దాచి ఆ తోకను ముందుకు పెడుతుంది. అందుకే పెద్ద పాముల తోకల మీద గాట్లు కనిపిస్తాయి. దెబ్బ తోక తింటుంది, తల బతుకుతుంది. విషం లేదు. పొలంలో ఎలుకల్ని చుట్టి బిగించి చంపుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది.

దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడికీ తెలుగునేలతో సంబంధం ఉంది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1801లో దీన్ని వర్ణించాడు. తరంగంబాడిలో ఉన్న మిషనరీ జాన్ పేరు మీద దీనికి జానీ అని పేరు పెట్టాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈ రస్సెల్‌దే.

అంత తెలివిగా చేసిన తోకే ఇప్పుడు దాని ప్రాణం మీదికి తెచ్చింది. రెండో తల ఉందనీ, ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచొస్తుందనీ, బరువును బట్టి లక్షలు పలుకుతుందనీ నమ్మించే ముఠాలు పుట్టుకొచ్చాయి. కొన్నవాడికి మిగిలేది కేసే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం.

కాబట్టి నా తీర్పు ఇది. రెయిన్‌బో బోవా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లకు పనికొచ్చే పాము కాదు. దాని అందం ఫొటోల్లో, వీడియోల్లో చూసి మెచ్చుకోండి. నాగలి సాలులో రెండు తలల పాము కనిపిస్తే మాత్రం కాసేపు ఆగి ఆ తోక చూడండి, దాని దారిన దాన్ని పోనివ్వండి. బేరానికి ఎవరైనా వస్తే అటవీశాఖకు ఫోన్ చేయండి.