ఆడి నెలలో వచ్చే చుట్టాలు

ఇంగ్లండ్‌లో కాపురముంటున్న మదురై ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఊరికి వచ్చేసరికి ఇక్కడ ఎండాకాలం అయిపోతుంది. అక్కడి బడులకు వేసవి సెలవులు జూలై చివర్లో మొదలై ఆరు వారాలుంటాయి. బడి నడిచే రోజుల్లో అనుమతి లేకుండా పిల్లల్ని ఐదు రోజులు మాన్పిస్తే జరిమానా. 2024 ఆగస్టు నుంచి అది ఒక్కో బిడ్డకు, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు. మూడు వారాల్లో కట్టకపోతే 160.

అందుకే వాళ్ళకు మదురై చిత్తిరై తిరునాళ్ళు దక్కవు, అళగర్ స్వామి వైగై ఏట్లో దిగడం దక్కదు. రాజపాళయం సప్పట్టై మామిడి అప్పటికి అయిపోతుంది. ఇక్కడి వాళ్ళ ఈడు పిల్లలు జూన్ నుంచే బడికి పోతుంటారు. పైగా అది తమిళుల ఆడి నెల, పెళ్ళిళ్ళుండవు.

అయినా ఆ నెలకు దాని సంపద ఉంది. మదురై మాట్టుతావణి బస్టాండు నుంచి రాజపాళయం సుమారు 85 కిలోమీటర్లు. దారిలో తగిలే శ్రీవిల్లిపుత్తూరులో ఆడిపూరం నాడు ఆండాళ్ తేరు కదులుతుంది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కథ నడిపింది ఈ ఊళ్ళోనే. తెలుగు పిల్లలకు ఇంతకన్నా చూపించదగిన ఊరు ఈ దారిలో ఇంకోటి లేదు. ఇంకాస్త దక్షిణానికి పోతే కుట్రాలం జలపాతాలు నిండుగా పడే రోజులూ అవే.

అసలు బెంగ మాట గురించి. రాజపాళయం రాజుల ఇళ్ళలో, కోవిల్‌పట్టి వైపు కమ్మవారి ఇళ్ళలో తెలుగు తరతరాలుగా నోటి మీదే నిలిచింది. చదువంతా తమిళం. ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ తెలుగు ఇంట పెరిగి, తెలుగువాళ్ళ వలస కథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశాడు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇలాంటి ఇంట్లో అవ్వ చదవగలిగేది తమిళం, మనవరాలు చదవగలిగేది ఇంగ్లీషు. ఇద్దరికీ ఉన్న తెలుగును ఫోన్లో రాసి పంపుకోలేరు. అక్కడ బడి వదిలి పిల్ల ఇంటికొచ్చేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిది దాటుతుంది, పెద్దావిడ కళ్ళు మూతలు పడుతుంటాయి. ఆ పిల్లకు తెలుగు అబ్బాలంటే అవ్వతో ఒకే వంటింట్లో మసలాలి, ఒకే చాప మీద పడుకోవాలి. వేరే దారి లేదు.

ఉన్న కాస్త సమయాన్నీ చుట్టరికాలు మింగేస్తాయి. పొద్దున పెద్దనాన్న ఇల్లు, మధ్యాహ్నం మేనత్త ఇల్లు, సాయంత్రం ఇంకెవరిదో. వెళ్ళకపోతే నిష్ఠూరం. వెళితే కాఫీ, పలకరింపులు, ఫొటో, మళ్ళీ కారు. పిల్లలకు ఏ ఒక్క ముఖమూ గుర్తుండదు. పెద్దల మనసు నొచ్చినా సరే, ఈ తిరుగుడు తగ్గించి పిల్లల్ని రెండు మూడు వారాలు అవ్వగారింట్లోనే ఉండనివ్వడం మంచిది.

ఆగస్టు 17 ప్రాంతంలో ఆడి పోయి ఆవణి నెల పుడుతుంది, మళ్ళీ మేళాలు మోగుతాయి. ఇంగ్లండ్‌లో బడి తెరిచేది సెప్టెంబరు మొదట్లో. తిరుగు టిక్కెట్టు ఆగస్టు ఆఖరి వారానికి తీసుకుంటే కనీసం ఒక పెళ్ళి అందుతుంది. పెద్దనాన్నా, మేనత్తా, వాళ్ళ పిల్లలూ అంతా ఆ పందిట్లోనే ఉంటారు.