ఎనిమిది మందిలో ఎవరు?

1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్‌లో బయల్దేరిన ఒక బి-24 బాంబరు అస్సాంలోని చబువాకు చేరలేదు. దాని పేరు ‘హాట్ యాజ్ హెల్’. లోపల ఎనిమిది మంది. ఆ రోజు హిమాలయాల తూర్పు కొస మీద వాతావరణం దారుణంగా ఉందన్నది తప్ప ఎవరికీ ఇంకేమీ తెలియలేదు. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ పర్వతారోహకుడు అరుణాచల్ ప్రదేశ్‌లోని అప్పర్ సియాంగ్ జిల్లాకు వచ్చి, దమ్రో ఊరి పైన కొండల్లో స్థానికులు దారి చూపిస్తే వెళ్లి ఆ శకలాలను చూశాడు. విమానం ఎక్కడ పడిందో తేలడానికి 62 ఏళ్లు పట్టింది. అందులో ఒక్క మనిషి పేరు తేలడానికి ఇంకో పదకొండేళ్లు.

ఇంతకీ బాంబరుకు ఆ కొండల మీద ఏం పని? 1942లో బర్మా జపాన్ చేతిలోకి పోవడంతో చైనాకు నేల దారి మూసుకుపోయింది. పెట్రోలు, బాంబులు, మందులు, ఏది కావాలన్నా అస్సాం నుంచి కొండల మీదుగా విమానాల్లోనే వెళ్లాలి. పైలట్లు ఆ దారికి ‘హంప్’ అని పేరు పెట్టుకున్నారు. చైనాలో మకాం వేసిన 308వ బాంబరు దళం తనకు కావలసిన సరుకు తానే మోసుకోవాల్సి వచ్చేది. ఒక్క దాడికి సరిపడా పెట్రోలు కూడబెట్టాలంటే పలుమార్లు ఇటు వచ్చి పోవాలి. అలా శత్రువు మీద బాంబు వేసే పనిలో కాకుండా సరుకు మోసే దారిలో పోయిన బాంబర్లు కొన్ని. యుద్ధం ముగిసేసరికి రవాణా విమానాలతో కలిపి ఆ దారి సుమారు 600 విమానాలను మింగింది.

కొండల్లో ఉన్న ఆది, మిష్మి తెగలవాళ్లకు ఈ శకలాలు కొత్త కాదు. వేటకు వెళ్లినప్పుడు చూసేవాళ్లు. అల్యూమినియం రేకు కోసుకొచ్చి పాత్రలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ‘కనుగొన్నారు’ అని పత్రికలు రాసే ప్రతి విమానం వెనకా, అది అక్కడుందని ఎప్పటి నుంచో తెలిసిన వేటగాడొకడు ఉంటాడు. అతని పేరు వార్తలోకి రావడం అరుదు.

శకలాలు కనిపించాక, అందులో పోయినవాళ్లు ఎవరో తేల్చే పని కాగితాల దగ్గర మొదలవుతుంది. తిరిగిరాని విమానాల మీద 1943 నుంచి అమెరికా వైమానిక దళం ఒక నివేదిక నింపేది. చివరిసారి ఎక్కడ కనిపించింది, వాతావరణం ఎలా ఉంది, లోపల ఎవరెవరున్నారు అన్న వివరాలతో పాటు ఇంజన్ల నంబర్లు, మరతుపాకుల నంబర్లు కూడా అందులో ఉండేవి. ఆ రోజుల్లో ఏ గుమాస్తా విసుక్కుంటూ టైపు చేశాడో కానీ, ఇప్పుడు ఆధారం అదే. తోక మీద రంగుతో రాసిన అంకెలు చెరిగిపోయినా ఇంజనుకు బిగించిన లోహపు పలక మీద అచ్చుగుద్దిన అంకెలు మిగులుతాయి. అవి నివేదికతో కలిశాయంటే విమానం ఏదో తేలిపోతుంది. దానితో పాటు ఎనిమిది పేర్ల జాబితా చేతికొస్తుంది. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఈ విద్య మొత్తానికి ఆధారం ఆ జాబితాయే. ‘ఈ ఎముక ఎవరిది’ అన్న అంతులేని ప్రశ్న ‘ఈ ఎనిమిది మందిలో ఎవరిది’ అన్న ప్రశ్నగా మారుతుంది.

తవ్వకం పూర్తిగా పురావస్తు శాస్త్రం పద్ధతిలోనే సాగుతుంది. పేలని మందుగుండు ఉందేమో చూసే నిపుణుడు ముందు నడుస్తాడు. ముక్కలు ఏ వైపుకు చిందాయో చూసి విమానం కొండను ఏ కోణంలో గుద్దిందో, కాక్‌పిట్ ఎటు పోయి ఉంటుందో అంచనా కడతారు. తాళ్లు కట్టి నేలను గళ్లుగా విడగొడతారు, మామూలుగా నాలుగు మీటర్లకొక గడి. నిలువు వాలు అయితే తవ్వేవాళ్ల నడుముకూ తాడు ఉండాల్సిందే. పైమట్టి నుంచి మనిషి జాడ, లోహపు జాడ ఏమీ లేని నేల తగిలే దాకా పొరపొరగా తీస్తారు. తీసిన ప్రతి బకెట్టు మట్టీ ఏ గడిదో గుర్తు పెట్టి జల్లెడ దగ్గరికి పంపుతారు. జల్లెడ కన్నం పావు అంగుళం. అరుణాచల్ లాంటి చోట బంకమట్టి ఆ కన్నంలో దిగదు. నీళ్లు కొట్టి కడిగి, వేళ్లతో చిదిపి చూడాలి. బియ్యంలో రాళ్లు ఏరే చూపు కావాలి అక్కడ. తడిసిన వేరు ముక్క, సుద్దరాయి ముక్క, ఎముక ముక్క ఒకే రంగులో ఉంటాయి. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ పక్కన పెట్టడమే పద్ధతి. తేల్చడం తర్వాతి మాట.

పూర్తి అస్థిపంజరం దొరుకుతుందని అక్కడ ఎవరూ అనుకోరు. కొండను గుద్దిన వేగం, మంట, అరవై డెబ్బై వానాకాలాలు, ఆమ్లగుణం ఉన్న అడవి మట్టి కలిసి ఎముకను తినేస్తాయి. పళ్లు ఎక్కువ కాలం ఆగుతాయి. వాటి పక్కనే పారాచూట్ బకిలీ, ఆక్సిజన్ గొట్టం కొస, బూటు జిప్పు, కొన్నిసార్లు మెడలో వేసుకునే గుర్తుబిళ్ల కూడా దొరుకుతాయి. పారాచూట్ బకిలీలు గుంపుగా ఒకచోట దొరికాయంటే మనుషులు విమానంలోంచి దూకలేదని అర్థం చేసుకోవచ్చు. గుర్తుబిళ్ల దొరికితే పని అయిపోయిందని మనం అనుకుంటాం. ఈ విద్యలో అలా ఒప్పుకోరు. చలికి ఒకడి జాకెట్టు ఇంకొకడు తొడుక్కుని ఉండొచ్చు. ఎనిమిది మంది కలిసి పడిన చోట ఒకడి బిళ్ల ఇంకొకడి ఎముకల పక్కకు దొర్లి ఉండొచ్చు. వస్తువు దారి చూపిస్తుంది, అంతే. ఆ వస్తువు మాటను పట్టుకుని పేరు పెట్టేయకుండా ఆగడంలోనే, నాకు తెలిసినంతలో, ఈ విద్య గొప్పతనమంతా ఉంది.

దమ్రో పైకి 2008లో ఒక అమెరికన్ బృందం వచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అనుమతులు ఆగిపోయాయి. అది చైనా సరిహద్దుకు దగ్గరి ప్రాంతం, పరాయి దేశపు సైనికులు అక్కడ తిరగడం మన ప్రభుత్వానికి ఇబ్బందే. 2015లో మళ్లీ తవ్వకం జరిగింది. 2016 ఏప్రిల్‌లో అమెరికా రక్షణ మంత్రి యాష్ కార్టర్ ఢిల్లీ వచ్చినప్పుడు, దొరికిన అస్థికలను సైనిక లాంఛనాలతో విమానం ఎక్కించారు. అప్పటికింకా అవి ఎవరివో తేలలేదు.

ఆ తేల్చే ప్రయోగశాలల్లో పెద్దది హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్-హికమ్ స్థావరంలో ఉంది. అక్కడ ఒక నియమం నన్ను ఆకట్టుకుంది. ఎముకలను పరీక్షించే నిపుణుడికి అవి ఎవరివి కావచ్చో ముందుగా చెప్పరు. ఎనిమిది మంది ఎత్తులు, వయసులు ముందే తెలిస్తే కన్ను తనకు కావలసిందే చూస్తుందని వాళ్ల భయం, సమంజసమైన భయమే. ముందు మనుషుల లెక్క తేలాలి. రెండు ఎడమ తొడ ఎముకలుంటే కనీసం ఇద్దరు. తర్వాత తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు, మెడ దగ్గరి జత్రువు కొస అతుక్కుందా లేదా అన్నదాన్ని బట్టి వయసు. కానీ బాంబరు సిబ్బందితో ఇక్కడే చిక్కు. అందరూ ఇరవై, పాతిక మధ్య కుర్రాళ్లు. అందరూ వైద్య పరీక్ష నెగ్గి చేరినవాళ్లే. ఎముకను బట్టి ఒకణ్ని ఇంకొకడి నుంచి విడదీయడం కష్టం.

అప్పుడు పళ్లు మాట్లాడతాయి. సైన్యంలో చేరిన రోజు ఏ పన్ను పీకారో, ఏ పంటికి ఏ వైపు సిమెంటు నింపారో పటంలో గీసి ఉంచేవాళ్లు. ఆ పటం మిగిలి ఉండాలి, దవడా మిగిలి ఉండాలి. రెండూ కుదరనప్పుడు డీఎన్ఏ. మామూలు డీఎన్ఏ ఒక కణంలో రెండు ప్రతులే ఉంటుంది, పాత ఎముకలో ముక్కలైపోతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ కణానికి వందలు, వేల ప్రతులు ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి దొరికే అవకాశం ఎక్కువ. అయితే అది తల్లి నుంచే వస్తుంది. అంచేత చనిపోయిన సైనికుడి సొంత కొడుకు ఉమ్మి నమూనా ఇందుకు పనికిరాదు. అక్కచెల్లెళ్ల పిల్లలు కావాలి, ఆ మేనకోడళ్ల పిల్లలు కావాలి. ఆడపడుచులు పెళ్లిళ్లై ఇంటిపేర్లు మారి ఏ ఊళ్లో ఉన్నారో వెతికే వంశవృక్ష పరిశోధకులు అందుకే ఈ పనిలో భాగం. డీఎన్ఏ కలిసినా వెంటనే సంతకం పడదు. ఒకే రకం మైటోకాండ్రియా వరస ఇద్దరు అపరిచితుల్లో కనిపించవచ్చు. పళ్లు, ఎముక, వస్తువు, దొరికిన చోటు, అన్నీ ఒకే మనిషి వైపు చూపించాలి.

‘హాట్ యాజ్ హెల్’ ఎనిమిది మందిలో అలా మొదట తేలిన పేరు జార్జియా రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊరి యువకుడు, ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్‌ది. 2017 జూన్‌లో సొంత ఊళ్లో అతన్ని ఖననం చేశారు. ఎవరివో విడదీయలేని అస్థికలకూ ఒక ఏర్పాటు ఉంది: ఒకే గుంతలో పెట్టి, ఒకే రాయి మీద అందరి పేర్లూ చెక్కుతారు. సెయింట్ లూయిస్‌లోని జెఫర్సన్ బ్యారక్స్ శ్మశానంలో అలాంటి సమాధులు చాలా ఉన్నాయి. అబద్ధపు పేరు కంటే అందరి పేర్లూ ఉన్న రాయే నయమని వాళ్ల లెక్క.

నీటి అడుగున ఇదే పని ఇంకా ఖరీదు. 1944 మార్చిలో న్యూగినీ దగ్గర హాన్సా బేలో కూలిన ‘హెవెన్ కెన్ వెయిట్’ బాంబరు రెండు వందల అడుగుల పైచిలుకు లోతున ఉంది. 2023లో అమెరికా నౌకాదళం డైవర్లు పీడనం నింపిన గదుల్లో వారాల తరబడి ఉంటూ, అడుగున బురదను పైకి తెచ్చి జల్లించారు. మరుసటి ఏడాది పదకొండు మందిలో నలుగురి పేర్లు తేలాయి.

ఈ ఖర్చంతా అవసరమా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. ప్రశ్నను నేనైతే ఇంకో వైపు నుంచి అడుగుతాను. బ్రిటిష్ సామ్రాజ్యం సైనికులను ఎక్కడ పడినవాళ్లను అక్కడే ఉంచేసింది, ఇంటికి పంపలేదు. సమాధి లేని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ దగ్గరి తౌక్యాన్ స్మారకం మీద ఉన్నాయి. వాటిలో భారత సైన్యంవాళ్లవి వేలల్లో. వాళ్లకు కనీసం పేర్లున్నాయి. అదే యుద్ధంలో అస్సాం తేయాకు తోటల కూలీలను దారులు వేయడానికి తోలుకుపోయారు. ఆ తోటల్లో మన గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వలస పోయిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. దారిలో మలేరియాకు పోయిన కూలీ కోసం ఎవరూ జల్లెడ పట్టరు. జల్లెడ పట్టాలంటే ముందు జాబితా ఉండాలి, ఆ జాబితా రాసే గుమాస్తా అతని దగ్గరికి రాలేదు.

శవం దొరకనప్పుడు మోదుగాకులతోనో దర్భలతోనో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రాల్లో ఉంది. అలాంటి విధి ఎందుకు అవసరమవుతుందో విశాఖపట్నం చూసింది. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్తూ మన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఇక్కడ చిక్కు తలకిందులు: ఎవరెవరో తెలుసు, ఎక్కడో తెలియదు. 2024 జనవరిలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున ఒక మానవరహిత పరికరం తీసిన ఫొటోల్లో శకలాలు కనిపించాయి. హాన్సా బేలో డైవర్లు దిగిన లోతుకు అది యాభై రెట్లు. అక్కడికి మనిషి దిగి బురద జల్లించే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు.