మొదటి వారం ఏం అడగాలి?

ఆరోగ్య యాప్‌లు డిజైన్ చేయడం నా వృత్తి. ఇందులో నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది మొదటి తెర. షుగర్ ఉందని నిన్ననో మొన్ననో తెలిసిన మనిషి దాన్ని తెరుస్తాడు. చేతిలో ల్యాబ్ కాగితం, దాని మీద మూడు నెలల షుగర్ సగటు, 9 దాటిన అంకె. మేనమామ కాకరకాయ రసం తాగమంటాడు, పక్కింటావిడ మెంతులు నానబెట్టమంటుంది, వాట్సాప్‌లో ఎవరో అన్నం పూర్తిగా మానేయమంటారు. ఆ గందరగోళంలో యాప్ తెరిస్తే అదేం చేస్తుంది? ఎత్తెంత, బరువెంత, లక్ష్యమేమిటి, రోజుకెన్ని అడుగులు నడుస్తారు అని బ్యాంకు ఖాతా ఫారంలా వరసపెట్టి అడుగుతుంది.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. యాప్ కంపెనీలకు అందులో మార్కెట్ కనిపిస్తుంది. నాకు మాత్రం అన్ని కోట్ల మొదటి వారాలు కనిపిస్తాయి.

ఆ వారంలో మనిషికి తెలియాల్సింది కొంచెమే. ఈ రాత్రి ఏం తినాలి, మాత్ర అన్నానికి ముందా తర్వాతా, ఏం జరిగితే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. మిగతావన్నీ ఆగుతాయి. మూడు నెలల సగటు వారంలో గుర్తించేంతగా మారదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, దానికి అంటుకున్న చక్కెరనే ఆ పరీక్ష కొలుస్తుంది. కాబట్టి దానికి అప్పుడే గ్రాఫు గీసి చూపడం దండగ. మళ్లీ ఎప్పుడు చేయించాలో తేదీ వేసి ఊరుకుంటే చాలు. ఆగకూడనిది కంటి రెటీనా పరీక్ష. టైప్ 2 షుగర్ బయటపడేసరికే ఒంట్లో ఏళ్లుగా ఉండి ఉండవచ్చు, అందుకే జబ్బు తేలినప్పుడే కళ్లు చూపించుకోమంటారు. నేను చూసిన యాప్‌లలో అడుగుల లెక్క ముందుంటుంది, కళ్ల సంగతి ఏ మూలో ఉంటుంది.

ఇక ఎరుపు రంగు. వేలికి సూది గుచ్చుకుని చూస్తే 280 వచ్చిందనుకోండి. యాప్ వెంటనే ఎర్రగా మారి హెచ్చరిస్తుంది. కొత్త మనిషికి ఆ రాత్రి నిద్ర ఉండదు. కానీ మామిడిపండు ముక్కలు కోసిన చేత్తో చూసుకున్నా అంకె ఎక్కువే వస్తుంది, వేలికంటిన తీపి రక్తపు చుక్కలో కలిసిపోతుంది గనక. భయపెట్టే ముందు ‘చేతులు కడుక్కుని, తుడుచుకుని మళ్లీ చూడండి’ అనాలి. రెండోసారీ అలాగే వస్తే అప్పుడు డాక్టర్ మాట.

షుగర్ పడిపోయినప్పటి తెర మీద నేను రాజీపడను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లకు ఉంటుంది. అంకె 70 కంటే తగ్గి, చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నవాడు మెనూలు వెతకలేడు. ఒక్కటే పెద్ద బటన్ ఉండాలి. నొక్కితే: మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి అని పక్కనున్నవాళ్లకు. ఇదంతా ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి.

తిండి దగ్గర అసలు చిక్కు. ఇడ్లీలు లెక్కకు దొరుకుతాయి, అన్నం దొరకదు. కుక్కర్లోంచి గరిటెతో పడ్డదాన్ని గ్రాముల్లో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? పైగా చాలా ఇళ్లలో జబ్బు ఆయనది, వంట ఆవిడది, యాప్ ఉన్న ఫోను కొడుకుది. అందుకే నేను అంకెలు తీసేసి కంచం బొమ్మ పెడతాను: అన్నం కాస్త తగ్గి, కూర, పప్పు పెరిగిన కంచం. వండేవాళ్లకు చూడగానే తెలుస్తుంది.

రోజూ తెరవలేదని నిష్ఠూరమాడే సందేశాలంటే నాకు చిరాకు. డబ్బు పెట్టినవాళ్లకు అవే కావాలి, జనం ఎన్నిసార్లు తెరిస్తే వాళ్లకంత లాభం. తెరవాల్సిన అవసరం రోజురోజుకీ తగ్గాలనేది నా లెక్క. తాళం వేసిన తెర మీద ‘షుగర్ మాత్ర వేసుకున్నారా’ అని రాయడం ఇంకా ఘోరం. ఆఫీసులో, పెళ్లిచూపుల ఇంట్లో ఆ ఫోన్ పక్కవాడి కంట పడుతుంది. ‘తొమ్మిదయింది’ అంటే సరిపోతుంది. గోప్యత సంగతి వచ్చింది గనక ఇంకొకటి: మన సమాచారం తీసుకునేటప్పుడు అడిగే అనుమతిని తెలుగులోనూ చదువుకునే వీలుండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. కనుక అది ఇంగ్లిషులోనే ఉంటే నిలదీయండి.

మీ ఇంట్లో ఎవరికైనా కొత్తగా షుగర్ తేలి, యాప్ పెట్టిద్దామనుకుంటే ముందు మీరే తెరిచి చూడండి. షుగర్ పడిపోతే ఏం చేయాలో ఒక్క నొక్కుతో చెప్పకపోతే అది వద్దు. మందులు ఆపేయమని చెప్పేదైతే అప్పటికప్పుడే ఫోన్‌లోంచి తీసేయండి, మాత్ర మార్చాల్సింది డాక్టరే.