ఇరవై మూడో కంచె దాటినవాడు

1967 ఏప్రిల్ 8న లివర్‌పూల్ పక్కనున్న ఎయిన్‌ట్రీ మైదానంలో గ్రాండ్ నేషనల్ పందెం గెలిచిన గుర్రం పేరు ఫోయినవాన్. బ్రిటన్‌లో పందేల జోలికి పోనివాళ్ళు కూడా ఆ పేరు విని ఉంటారు. దాని మీద కూర్చున్న జాన్ బకింగ్‌హామ్ పేరు మాత్రం పందేల పిచ్చి ఉన్నవాళ్ళలోనూ చాలామందికి తట్టదు. తట్టినవాళ్ళు ‘అదృష్టవంతుడు’ అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఆ రోజు అదృష్టం దారి తెరిచిన మాట నిజమే. తెరిచిన దారిలోంచి గుర్రాన్ని అవతలికి చేర్చింది మాత్రం పనితనం. ఆ పనితనం ఎలాంటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

హైదరాబాద్ మలక్‌పేటలో మనవాళ్ళు చూసే పందేలు చదును నేల మీద జరిగేవి. రెండు మూడేళ్ళ వయసు నుంచే గుర్రాలు పరుగెత్తుతాయి, జాకీలు బక్కపలచగా ఉంటారు, చాలా పందేలు రెండు నిమిషాల్లోపే తేలిపోతాయి. కంచెలు దూకే జంప్ రేసింగ్ వేరే లోకం. 1752లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో ఇద్దరు ఆసాములు బట్టెవాంట్ చర్చి నుంచి డోనరెయిల్ చర్చి దాకా, దారిలో గట్టు అడ్డమొస్తే గట్టూ, వాగు అడ్డమొస్తే వాగూ దూకుతూ పోటీపడ్డారని చెబుతారు. గోపురం కనబడుతుంటే అటే పోవడం, అంతే నియమం. గ్రాండ్ నేషనల్‌లో ఇప్పటికీ ఆ పొలాల వాసన పోలేదు. పదహారు కంచెలు, అందులో పద్నాలుగింటిని రెండుసార్లు, మొత్తం ముప్పై దూకుళ్ళు, దాదాపు ఏడు కిలోమీటర్లు.

చూసేవాళ్ళకు గుర్రం దూకుతోంది, మనిషి కూర్చున్నాడు అనిపిస్తుంది. అసలు పని దూకక ముందే జరుగుతుంది. గంటకు యాభై కిలోమీటర్లకు దగ్గరి వేగంతో వస్తున్న గుర్రం కంచెకు మరీ ముందే లేస్తే కడుపు కొమ్మలకు తగులుతుంది. మరీ దగ్గరికి వెళ్ళి లేస్తే ముందు కాళ్ళు ఇరుక్కుంటాయి. ఇంకా ఐదారు అంగలు ఉండగానే జాకీ లెక్క చూసుకోవాలి: ఈ అంగతోనే పోతే లేవాల్సిన చోటికి సరిగ్గా వస్తామా, లేక ఒక అంగ కురచ చేయించాలా? ఆ సంగతి గుర్రానికి చెప్పేది నోటితో కాదు, పిక్కలతో, పగ్గాల మీద వేళ్ళ బిగువుతో. గుర్రానికే తెలివి ఉంటే మంచి జాకీ ఏమీ చేయకుండా దానికే వదిలేస్తాడు. నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన పని అదే.

దిగేటప్పుడు ఇంకో విద్య కావాలి. ఆరో కంచె బీచర్స్ బ్రూక్ దగ్గర నేల ఎక్కేవైపు కన్నా దిగేవైపు పల్లంగా ఉంటుంది. 1839లో అక్కడి వాగులో పడ్డ కెప్టెన్ మార్టిన్ బీచర్ పేరే దానికి ఉండిపోయింది. గుర్రం తల కిందికి చాచి దిగుతుంటే జాకీ వెనక్కి వాలి, పగ్గాలను వేళ్ళ సందుల్లోంచి జారనివ్వాలి. బిగబట్టాడా, గుర్రం మెడతో పాటు తనూ ముందుకు ఊడిపడతాడు. జారనిచ్చాక, రెండు అంగల్లో మళ్ళీ పగ్గాలు చేతుల్లోకి తెచ్చుకోవాలి. పడిపోవడం కూడా నేర్చుకునేదే. ముడుచుకుని దొర్లాలి, వెనకొచ్చే గుర్రాలు దాటేదాకా కదలకూడదు. అన్నీ చేసినా తప్పని దెబ్బలుంటాయి. 1963 డిసెంబర్‌లో టిమ్ బ్రూక్‌షా, 1964 గ్రాండ్ నేషనల్‌లో పాడీ ఫారెల్, ఇద్దరూ ఇదే మైదానంలో పడి నడక పోగొట్టుకున్నారు. గాయపడ్డ జాకీల కోసం సహాయ నిధి పుట్టింది ఆ తర్వాతే.

ఇలాంటి పనిలోకి బకింగ్‌హామ్ పదిహేనేళ్ళ వయసులో వచ్చాడు. నార్తాంప్టన్‌షైర్‌లోని ఎడ్జ్‌కోట్‌లో ఎడ్వర్డ్ కరేజ్ లాయంలో చేరాడు. పోలియోతో చక్రాల కుర్చీకి పరిమితమై కూడా గుర్రాలను పెంచి, తర్ఫీదిచ్చి, పందేలు గెలిపించిన మనిషి కరేజ్. బకింగ్‌హామ్ నేర్చుకున్నదంతా ఆయన దగ్గరే. 1967 నాటికి అతనికి ఇరవై ఆరేళ్ళు. పనివాడని పేరుంది, పెద్ద పేరు లేదు. గ్రాండ్ నేషనల్‌లో అంతకుముందు ఒక్కసారీ ఎక్కలేదు.

ఫోయినవాన్ సంగతి ఇంకా తక్కువ. ఒకప్పుడు ఆర్కిల్ అనే మహా గుర్రానికి యజమాని అయిన వెస్ట్‌మినిస్టర్ డచెస్ దగ్గరే ఉండేది, స్కాట్లండ్‌లోని ఒక కొండ పేరు పెట్టుకుంది, అమ్ముడుపోయింది. బెర్క్‌షైర్‌లోని కాంప్టన్‌లో జాన్ కెంప్టన్ లాయంలో సూసీ అనే మేక తోడుగా బతికేది. నేషనల్ నాడు ట్రైనర్ కెంప్టన్ ఎయిన్‌ట్రీకి రానేలేదు. వూస్టర్‌లో ఇంకో గుర్రం ఎక్కడానికి వెళ్ళాడు, అక్కడ గెలిచాడు కూడా. అంతకుముందు అడిగిన జాకీలు ఫోయినవాన్ మీద ఎక్కడానికి ఒప్పుకోలేదు. అప్పుడు అవకాశం బకింగ్‌హామ్‌కు వచ్చింది. నేషనల్‌లో ఎక్కితే చాలనుకున్నవాడు వెంటనే ఒప్పుకున్నాడు. బుకీలు ఆ గుర్రానికి ఇచ్చిన ధర ఒకటికి వంద.

ఆ రోజు పరుగెత్తినవి 44 గుర్రాలు. బకింగ్‌హామ్ మొదటి చుట్టంతా వెనకే ఉండిపోయాడు. వేగం లేని గుర్రంతో చేయదగ్గ పని అదే. ముందు మందలో దూరితే పడేవాళ్ళ మీద పడాలి. వెనక నిదానంగా, ఒక్కో కంచె శుభ్రంగా దూకుతూ వస్తే అలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు. రెండో చుట్టులో బీచర్స్ బ్రూక్ దాటాక వచ్చేది ఇరవై మూడో కంచె. నాలుగున్నర అడుగులు, మైదానంలో చిన్న కంచెల్లో ఒకటి. పాపమ్ డౌన్ అనే గుర్రం మొదటి కంచె దగ్గరే జాకీని పోగొట్టుకుని, ఖాళీ జీనుతో ముందు పరుగెత్తుతోంది. అది ఆ కంచె ముందు హఠాత్తుగా దూకనని పక్కకు తిరిగి, కంచె పొడవునా అడ్డంగా పరుగు తీసింది. వెనకొచ్చిన గుర్రాలు దాన్ని గుద్దుకున్నాయి, ఆగిపోయాయి, వెనక్కి తిరిగాయి. జాకీలు కొమ్మల మీదికి, కొందరు కంచె అవతలికి ఎగిరిపడ్డారు.

బకింగ్‌హామ్ వెనక ఉన్నాడు కాబట్టి చూడటానికి రెండు మూడు క్షణాలు దొరికాయి. అదృష్టం ఇచ్చింది ఆ క్షణాలే. వాటిలో అతను చేసిన పనులు లెక్కపెట్టాలి. గుర్రాన్ని నిలబెట్టలేదు. నిలబడిపోతే గుర్రం చోటు నుంచి ఎగరలేదు, వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి. మిగతావాళ్ళకు జరిగింది అదే. వేగం తగ్గించాడు, కానీ కాళ్ళ కింద కదలిక చావనివ్వలేదు. గుంపుకు దూరంగా బయటి అంచు వైపు మళ్ళించాడు. ఎదురుగా గుర్రాలు తిరగబడి వస్తుంటే ఏ జంతువైనా వాటితో పాటు తిరుగుతుంది. ఇది తిరగకుండా పిక్కలతో ముందుకే అదుముతూ, దాదాపు నెమ్మది పరుగు నుంచి కంచె దాటించాడు. ఆ కంచెను మొదటి ప్రయత్నంలోనే దాటిన గుర్రం అదొక్కటే.

ఇక్కడితో కథ అయిపోయినట్టు చెబుతారు. ఇంకా ఏడు కంచెలున్నాయి. మరుసటి కంచె కెనాల్ టర్న్, దిగీ దిగగానే ఎడమకు దాదాపు లంబంగా మళ్ళాలి. పైగా మందకు అలవాటుపడ్డ గుర్రం ఒంటరిగా ముందుంటే పరుగు మీద మనసు పెట్టదు, చెవులు అటూ ఇటూ తిప్పుతూ కాళ్ళు ఈడుస్తుంది. వెనక ఫేవరిట్ హనీ ఎండ్ మీద జాష్ గిఫర్డ్, కంచెను మళ్ళీ ఎదుర్కొని దాటి, దూరం తగ్గించుకుంటూ వస్తున్నాడు. అలిసిన గుర్రాన్ని తొందరపెడితే ఒక కంచె దగ్గర పడుతుంది, వదిలేస్తే గిఫర్డ్ అందుకుంటాడు. బకింగ్‌హామ్ ఈ రెంటి మధ్య సన్నటి దారి పట్టి, పదిహేను గుర్రాల పొడవు తేడాతో గెలిచాడు. పందెం డబ్బంతా కలిపి గెలిచినవాళ్ళకు పంచే టోట్‌లో ఒక పౌండుకు 444 పౌండ్లకు పైగా వచ్చాయి. 1984లో ఆ కంచెకు ఫోయినవాన్ పేరు పెట్టారు. జాకీ పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

1971లో స్వారీ మానేశాక అతను ఎంచుకున్న పని గురించి ఇంకా తక్కువ మాట్లాడతారు. సోదరుడు టామ్‌తో కలిసి జాకీల వ్యాలెట్ అయ్యాడు, దాదాపు ముప్పై ఏళ్ళు అదే చేశాడు. జాకీలు బట్టలు మార్చుకునే తూకం గది వెనక ఉండే మనుషులు వీళ్ళు. ఒక జాకీ మధ్యాహ్నంలో నాలుగైదు గుర్రాలు ఎక్కుతాడు. ప్రతి గుర్రానికీ యజమాని రంగుల చొక్కా వేరు, మోయాల్సిన బరువు వేరు. ఏ బరువుకు ఏ జీను సరిపోతుందో వ్యాలెట్ చూసుకోవాలి. జాకీ తేలికైతే జీను కింద వేసే గుడ్డ జేబుల్లో సీసపు పలకలు రెండు పక్కలా సమంగా, వీలైనంత ముందుకు దోపాలి. బరువు గుర్రం మూపు దగ్గర ఉంటేనే దూకేటప్పుడు ఈడ్చదు. పందెం అయ్యాక మళ్ళీ తూకం వేస్తారు, తేడా వస్తే గెలుపు పోతుంది. ఆ తర్వాత బురద బూట్లు, తడిసిన పంట్లాలు, చెమట పట్టిన జీను పట్టీలు. రాత్రికి రాత్రి ఉతికి, ఆరబెట్టి, కుట్లు వేలితో తడిమి చూసి, తెల్లారేసరికి మరో ఊరి మైదానానికి చేర్చాలి.

కుట్టు తడిమి చూడటం చిన్న పనిలా కనిపిస్తుంది. 1936 గ్రాండ్ నేషనల్‌లో ఆంథనీ మిల్డ్‌మే ఎక్కిన డేవీ జోన్స్ ముందంజలో ఉండగా, చివరి కంచె ముందు పగ్గాల బకిల్ ఊడిపోయింది. దారి చూపే చేయి లేక గుర్రం కంచె పక్కనుంచి బయటికి పోయింది. పగ్గాలు లాయం వాళ్ళ బాధ్యత, జీను వ్యాలెట్ బాధ్యత. తోలు తెగితే మాత్రం ఫలం ఒకటే. రికాబు పట్టీ ఎక్కడ తెగితే మనిషి ఎటు పడతాడో ఒంటితో తెలిసినవాడు దాన్ని పరీక్షించే తీరు వేరుగా ఉంటుంది. బకింగ్‌హామ్‌లాంటి జాకీలు ఆ గదిలో పనికి కుదరడం వెనక ఉన్న విలువ ఇదే. కుర్ర జాకీ మొదటిసారి బీచర్స్ బ్రూక్ మీదికి వెళ్ళే ముందు జీను అందించే చేయి ఆ కంచెను దాటిన చేయి కావడం ఏ బడిలోనూ దొరకని తర్ఫీదు.

అతను 2016 డిసెంబర్‌లో, 76వ ఏట చనిపోయాడు. పందెం కార్డులో గుర్రానికీ యజమానికీ ట్రైనర్‌కీ జాకీకీ గళ్ళు ఉంటాయి. వ్యాలెట్‌కు ఉండదు. కనీసం గ్రాండ్ నేషనల్ కార్డులోనైనా ఆ గడి పెట్టాలి.