లకారం ళకారమైనప్పుడు: గ్రంథ డిజిటలీకరణ దృష్టితో డెస్క్‌టాప్, వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ల తులనాత్మక పరిశీలన

వ్యాస సారాంశం:

తెలుగు శాఖలు, గ్రంథాలయాలు పాత పుస్తకాల డిజిటలీకరణకు కంప్యూటర్లు కొనేటప్పుడు ప్రాసెసర్ వేగాన్ని, కోర్ల సంఖ్యను ప్రధానంగా చూస్తున్నాయి. పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే ఈ కొలమానం అసమగ్రం. ఒకే నిర్మాణ పద్ధతికి చెందిన ఒక సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను, ఒక వర్క్‌స్టేషన్ ప్రాసెసర్‌ను పోల్చి, మన పనికి కావలసిన గుణం వేగం కాదని, పాఠరక్షణ అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: డిజిటలీకరణ, పాఠపరిష్కరణ, ప్రాసెసర్, మెమరీ చానల్, ఈసీసీ, యూనికోడ్, యతి, ప్రాస.

1. ఉపోద్ఘాతం:

నాళం కృష్ణారావు కృషితో ఏర్పడిన రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పాత ముద్రిత గ్రంథాలూ తాళపత్రాలూ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో తెలుగు పరిశోధన చేసేవారిలో ఆ బీరువాల ముందు నిలబడనివారు అరుదు. ఇటువంటి సంపదను స్కాన్ చేసి, అక్షరగుర్తింపు సాఫ్ట్‌వేర్‌తో పాఠంగా మార్చి, దిద్ది భద్రపరచడం ఇప్పుడు తెలుగు శాఖల బాధ్యతల్లో ఒకటి. అందుకు ఎటువంటి యంత్రం కావాలన్న ప్రశ్న రాగానే కొనుగోలు పత్రంలో మొదట చేరేవి రెండు: ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్.

ప్రాసెసర్‌ను కంప్యూటర్‌కు మెదడు అని చెప్పడం మనకు అలవాటు. ఈ ఉపమానంలో ఒక చిక్కు ఉంది. మెదడు ఎంత పెద్దదైతే తెలివి అంత ఎక్కువ అన్న భావన దానివెంటే వస్తుంది. అందువల్ల పెద్ద ప్రాసెసర్ కొనలేకపోవడం లోపంగానూ, కొనడం పరిష్కారంగానూ కనిపిస్తుంది. ఈ భావనను వాస్తవ కొలతలతో పరీక్షించవలసి ఉంది.

2. పోలికకు ఎంచుకొన్న రెండు ప్రాసెసర్లు:

వేర్వేరు కంపెనీల ప్రాసెసర్లను పోల్చితే తేడా తరగతి వల్ల వచ్చిందో, నిర్మాణం వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. అందువల్ల ఏఎండీ సంస్థవారి జెన్ 4 నిర్మాణంపై వచ్చిన రెండింటిని ఇక్కడ తీసుకొంటున్నాను. మొదటిది 2022లో వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్. రెండవది 2023లో వచ్చిన వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్ ప్రో 7995డబ్ల్యూఎక్స్. సర్వర్ల కోసం రూపొందిన అనేక లక్షణాలు రెండవదానిలో ఉన్నాయి.

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో 16 కోర్లు, వర్క్‌స్టేషన్ ప్రాసెసర్‌లో 96 కోర్లు ఉన్నాయి. గరిష్ఠ వేగం మాత్రం మొదటిదానిలోనే ఎక్కువ: 5.7 గిగాహెర్ట్జ్. రెండవదానిలో అది 5.1. విద్యుత్ పరిమితి మొదటిదానికి 170 వాట్లు, రెండవదానికి 350 వాట్లు. విడుదలనాటి ధరలు వరుసగా 699, 9,999 అమెరికన్ డాలర్లు. అంటే కోర్లు ఆరు రెట్లు పెరిగితే ధర పద్నాలుగు రెట్లకు పైగా పెరిగింది. ఒక కోర్ ఒంటరిగా చేసే పనిలో, ఉదాహరణకు ఒక పాఠాన్ని తెరచి దిద్దే పనిలో, తక్కువ ధర గలదే కొంత ముందుంటుంది.

3. కాలువలు, ఆయకట్టు:

కోర్ల సంఖ్య చెప్పినవారు ఆ కోర్లకు దత్తాంశం అందే దారులను చెప్పరు. డెల్టావాసులకు దీన్ని వివరించడానికి మెదడుకన్నా ధవళేశ్వరం ఆనకట్ట మంచి ఉపమానం. 1852 నాటికి కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట నిలిపిన నీరు ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం తలుపుల గుండా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు చేరేది. ఆనకట్ట దగ్గర నీరెంత ఉన్నా, కాలువ మోయగలిగినంతే చేనుకు చేరుతుంది. ఆయకట్టు పెరిగి కాలువ పెరగకపోతే దాళ్వాలో వంతులు తప్పవు. శివారు భూములు ఎదురుచూడక తప్పదు.

ప్రాసెసర్‌లో ఈ కాలువలే మెమరీ చానళ్లు. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు రెండు, వర్క్‌స్టేషన్ ప్రాసెసర్‌కు ఎనిమిది ఉన్నాయి. రెండింటికీ అధికారికంగా చెప్పిన డీడీఆర్5-5200 మెమరీని లెక్కలోకి తీసుకొంటే ఒక్కో చానల్ సెకనుకు 41.6 గిగాబైట్లు మోస్తుంది. మొదటిదానికి మొత్తం 83.2, రెండవదానికి 332.8 గిగాబైట్లు. మొత్తం చూస్తే వర్క్‌స్టేషన్‌ది నాలుగు రెట్లు. కాని కోర్లు ఆరు రెట్లు. ఒక్కో కోర్‌కు వచ్చే వాటా డెస్క్‌టాప్‌లో 5.2 గిగాబైట్లు, వర్క్‌స్టేషన్‌లో సుమారు 3.47 గిగాబైట్లు. అన్ని కోర్లూ ఒకేసారి మెమరీపై ఆధారపడే పనిలో పెద్ద ప్రాసెసర్‌లోని కోర్‌కే కొరత ఎక్కువ. కోర్లకు దగ్గరగా ఉండే మూడవ స్థాయి క్యాషే 64, 384 మెగాబైట్లు. కోర్‌కు నాలుగు మెగాబైట్ల చొప్పున రెండింటిలోనూ సమానమే.

అక్షరగుర్తింపులో ప్రతి పుటా స్వతంత్రమైన పని కాబట్టి 96 కోర్లు ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. 400 పుటల గ్రంథాన్ని కోర్‌కు ఒక పుట చొప్పున ఇస్తే డెస్క్‌టాప్‌కు 25 విడతలు, వర్క్‌స్టేషన్‌కు 5 విడతలు పడుతుంది. అయితే ఆ తరువాత పుట పక్కన పాఠం పెట్టుకొని దిద్దేది మనిషి. రోజుకు 30 పుటలు దిద్దగలరనుకొన్నా ఆ గ్రంథానికి 14 రోజులు కావాలి. యంత్రం మిగిల్చిన సమయం మొత్తం పనిలో కనిపించనంత చిన్నది. ఇక్కడ శివారు భూమి ప్రూఫు దిద్దేవారి బల్ల.

4. ఒక్క బిట్టు తేడా:

వేగం విషయంలో డెస్క్‌టాప్ చాలునని తేలితే వర్క్‌స్టేషన్ తరగతి ప్రత్యేకత ఏమిటి? తెలుగు పరిశోధకులు పట్టించుకోవలసిన అంశం ఇక్కడుంది. మెమరీలో నిలిచిన 0 ఎప్పుడైనా 1గా, 1 ఎప్పుడైనా 0గా మారవచ్చు. కణాల తాకిడి, చిప్ లోపం, విద్యుత్ ఒడిదుడుకులు అందుకు కారణాలు. గూగుల్ సర్వర్లలోని మెమరీపై బియాంకా ష్రోడర్ మొదలైనవారు 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఏడాదిలో 8 శాతానికి మించిన మెమరీ మాడ్యూళ్లలో దోషాలు నమోదయ్యాయి.

ఈ మార్పు తెలుగు పాఠంలో జరిగితే ఏమవుతుందో చూద్దాం. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. లకారం 3122, ళకారం 3123. ద 3110, ధ 3111. త 3108, థ 3109. ప 3114, ఫ 3115. బ 3116, భ 3117. ర 3120, ఱ 3121. శ 3126, ష 3127. వర్ణమాల క్రమాన్ని అనుసరించి సంఖ్యలు ఇవ్వడం వల్ల ఈ జంటలలో మొదటిది సరిసంఖ్య, రెండవది దాని పక్కనున్న బేసిసంఖ్య అయింది. ద్విసంఖ్యామానంలో ఈ రెంటికీ చివరి బిట్టు ఒక్కటే తేడా. ఫైళ్లలో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలోనూ అక్షరానికి చెందిన మూడు బైట్లలో చివరి బిట్టే మారుతుంది.

దీని పర్యవసానం గమనించదగినది. ఆ ఒక్క బిట్టు మారితే ‘కల’ ‘కళ’ అవుతుంది, ‘వేల’ ‘వేళ’ అవుతుంది, ‘దార’ ‘ధార’ అవుతుంది. ఇవన్నీ అర్థవంతమైన పదాలే కనుక అక్షరదోషాలను పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరకవు. అంతకన్నా ముఖ్యం, ఇవి లేఖకుల చేతిలో శతాబ్దాలుగా జరిగిన మార్పులే. అల్పప్రాణ మహాప్రాణాల తారుమారు, లళల తారుమారు, శషల తారుమారు తాళపత్రాల్లో పరిష్కర్తలకు నిత్యం ఎదురయ్యేవి. అంటే యంత్రదోషం లేఖకదోషం వేషంలో వస్తుంది. రేపటి పరిశోధకుడు దాన్ని పాఠాంతరంగా పీఠికలో చర్చించే ప్రమాదం ఉంది.

5. రెండు కాపలాలు:

పద్యపాఠానికి మన సంప్రదాయంలో ఒక కాపలా ఉంది. గణం, యతి, ప్రాస అర్థానికి అదనంగా విధించిన నియమాలు. పాఠం చెడితే నియమం తప్పుతుంది, పరిష్కర్త గుర్తిస్తాడు. ‘మెడ’ ‘మేడ’గా మారితే లఘువు గురువై గణం చెడుతుంది. ఎత్వ ఏత్వాల గుణింతపు గుర్తులు కూడా 3142, 3143 అన్న జంటే. యతిస్థానంలో మకారం యకారమైతే (3118, 3119) మైత్రి తప్పుతుంది. రేఫ, శకటరేఫలకు యతిప్రాసలు కుదరవన్న ప్రాచీన లాక్షణికుల నియమం ఆ జంటను కాపాడుతుంది.

కాని ఈ కాపలాకు హద్దులున్నాయి. త థ ద ధలు ఒకదానికొకటి యతి చెల్లే వర్ణాలు. ప ఫ బ భలూ అంతే. శ ష సలకు మైత్రి ఉంది, లళలకూ ఉంది. లళల ప్రాసను అంగీకరించినవారూ ఉన్నారు. కనుక చివరి బిట్టు మారడం వల్ల పుట్టే హల్లుల జంటల్లో అధికభాగాన్ని యతి పట్టదు. గణం అసలే పట్టదు. ఇది పద్యం సంగతి. వచనానికి, శాసనపాఠానికి, నిఘంటువుకు ఆ కాపలా కూడా లేదు.

అదే ఆలోచనను యంత్రస్థాయిలో అమలుచేసేది ఈసీసీ మెమరీ. 1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన రిచర్డ్ హామింగ్ ప్రచురించిన సిద్ధాంతం దీనికి మూలం. 64 బిట్ల దత్తాంశానికి 8 బిట్లు అదనంగా చేర్చి, వాటి మధ్య ఒక నియమాన్ని ఏర్పరుస్తారు. ఒక బిట్టు మారితే ఏది మారిందో తేల్చి సరిదిద్దుతుంది. రెండు మారితే దోషం ఉందని చెబుతుంది. ఛందస్సు దోషం ఉందని మాత్రమే సూచిస్తుంది. హామింగ్ నియమం ఒక బిట్టు దోషంలో సరైన పాఠాన్ని కూడా తిరిగి ఇస్తుంది.

వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ వెంట ఈసీసీ రిజిస్టర్డ్ మెమరీ సహజంగా వస్తుంది. డెస్క్‌టాప్‌లో అలా కాదు. పైన చెప్పిన రైజెన్‌కు ఈసీసీని స్వీకరించే సామర్థ్యం ఉంది, కాని మదర్‌బోర్డు కూడా అనుమతించాలి, అందుకు తగిన అన్‌బఫర్డ్ ఈసీసీ మాడ్యూళ్లను విడిగా కొనాలి. డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉందన్న మాట సగం నిజం. అది చిప్ లోపలి దోషాలనే దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్ వరకు సాగే ప్రయాణానికి రక్షణ ఇవ్వదు.

6. ఆక్షేపణలు – సమాధానాలు:

అక్షరగుర్తింపులో పుటకు ఎన్నో తప్పులు వస్తుండగా ఎప్పుడో మారే బిట్టు గురించి చింత ఎందుకని అడగవచ్చు. సంఖ్యరీత్యా ఆక్షేపణ సరైనదే. అక్షరానికి ఉన్న 24 బిట్లలో పైన చెప్పిన ప్రమాదం ఒక్క బిట్టుకే పరిమితం. పై బిట్లలో చాలావాటిలో ఏది మారినా అర్థంలేని గుర్తులు కనిపించి దోషం బయటపడుతుంది. కాని అక్షరగుర్తింపు తప్పు దిద్దుబాటుకు ముందు వస్తుంది, పుటతో పోల్చితే దొరుకుతుంది. మెమరీ దోషం దిద్దిన తరువాత కూడా రావచ్చు. అప్పుడు మళ్లీ ఎవరూ పోల్చి చూడరు.

ఫైలుకు చెక్‌సమ్ ఉంటే చాలదా అన్నది రెండవ ఆక్షేపణ. చెక్‌సమ్ డిస్కులోనూ పంపకంలోనూ జరిగే మార్పును పడుతుంది. మెమరీలోనే మారిన పాఠానికి చెక్‌సమ్ కడితే అది తప్పు పాఠానికే సాక్ష్యం చెబుతుంది. రెండూ అవసరమే.

వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ నిష్ప్రయోజనమని దీని అర్థం కాదు. తాళపత్రాల లిపిని గుర్తించే నమూనాకు శిక్షణ ఇవ్వాలంటే పలు గ్రాఫిక్స్ కార్డులు కావాలి. ఒక్కో కార్డుకు 16 పీసీఐఈ దారులు కావాలి. వర్క్‌స్టేషన్ ప్రాసెసర్‌కు 128 ఉన్నాయి. డెస్క్‌టాప్‌లో పరికరాలకు మిగిలేవి 24, అంటే పూర్తిస్థాయిలో ఒక్క కార్డుకే చోటు. ఆ పని ప్రతి కళాశాలా విడివిడిగా చేయవలసినది కాదు. డెల్టాలోని కళాశాలలు, విశ్వవిద్యాలయం కలిసి ఒక్క యంత్రాన్ని పంచుకొంటే సరిపోతుంది.

7. ఉపసంహారం:

పై పరిశీలనను బట్టి తెలుగు శాఖకు, గ్రంథాలయానికి తగినది ఈసీసీ మెమరీని నిజంగా పనిచేయించే డెస్క్‌టాప్ తరగతి యంత్రం. కొనుగోలు పత్రంలో మొదటి పంక్తి ఈసీసీ కావాలి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, మెమరీ మూడూ అందుకు అనుకూలమని అమ్మకందారు రాతపూర్వకంగా చూపాలి. యంత్రం వచ్చిన తరువాత ఈసీసీ పనిచేస్తున్నదో లేదో సరిచూడాలి. దిద్దుబాటు ముగిసిన రోజే చెక్‌సమ్ నమోదు చేయాలి. మిగిలిన ధనం మంచి స్కానర్‌కు, చదివి దిద్దే మనిషి జీతానికి వెళ్లాలి.

సి.పి.బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి చెందిన పలు ప్రతులను పోల్పించిన కాలం నుంచి, పాఠం మారిందా అన్న ప్రశ్నే మన శాస్త్రానికి పునాది. పరికరం మారినా ఆ ప్రశ్న మారలేదు. కంప్యూటర్‌ను ఎంచుకోవడం సాంకేతిక విభాగం పని అని మనం తప్పుకొంటే, లకారం ఎప్పుడు ళకారమైందో చెప్పగలవారు తరువాత ఉండరు. కొనుగోలు సంఘంలో తెలుగు అధ్యాపకుడు కూర్చోవలసింది అందుకే.