గోడ నుంచి ఊడదీసినా పోని హక్కు

1989 ఆగస్టు 3న అమెరికాలోని ఇండియానాపొలిస్ ఫెడరల్ కోర్టులో న్యాయమూర్తి జేమ్స్ నోలండ్ ఒక తీర్పు చెప్పారు. దావా వేసింది సైప్రస్ ఆర్థడాక్స్ చర్చి, దానికి తోడుగా సైప్రస్ ప్రభుత్వం. ప్రతివాది ఆ ఊళ్లోనే గ్యాలరీ నడిపే ఒక ఆర్ట్ డీలర్. తగాదా అంతా రెండేసి అడుగుల చదరపు మొజాయిక్ ముక్కలు నాలుగింటి గురించి. ఒకదాంట్లో బాలయేసు, ఒకదాంట్లో దేవదూత, మిగిలిన రెండింట్లో మత్తయి, యాకోబు అనే అపొస్తలులు. పరాయి సైన్యం చేతికి చిక్కిన నేల మీద గుళ్లూ చర్చిలూ మసీదులూ ఎవరివి, వాటిని కాపాడాల్సిందెవరు అన్న విషయంలో అంతర్జాతీయ చట్టం పుస్తకాల్లో చాలా మాటలే చెప్పింది. ఆ మాటలు ఒక నిజమైన వస్తువుకు ఎలా అక్కరకొస్తాయో చూడాలంటే నేను చదివినవాటిలో ఈ కేసుకు సాటి వచ్చేది లేదు.

ముందు ఆ వస్తువు సంగతి. సైప్రస్‌కు ఈశాన్య కొస కార్పాస్ ద్వీపకల్పం. అక్కడి లిత్రంకోమి అనే పల్లెలో పనగియా కానకారియా చర్చి ఉంది. దాని బలిపీఠం వెనుక, అర్ధగోళంలా వంగిన గోడ మీద క్రీ.శ. 530 ప్రాంతంలో పనివాళ్లు గాజు ముక్కలూ రాతి పలుకులూ పొదిగి ఒక పెద్ద బొమ్మ కట్టారు. సింహాసనం మీద మరియమ్మ, ఒడిలో బాలయేసు, చెరోవైపు దేవదూతలు, చుట్టూ అంచు పొడవునా గుండ్రటి చట్రాల్లో పన్నెండుమంది అపొస్తలుల ముఖాలు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో బైజాంటైన్ చక్రవర్తులు పూజా చిత్రాలను తుడిచిపెట్టమని ఆజ్ఞలిచ్చారు. ఆ విధ్వంసం దాటి బతికిన మొజాయిక్‌లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఇదొకటి.

ఆ కాలపు మొజాయిక్ పనితనం గురించి ఒక్క మాట చెప్పాలి, అది తెలిస్తేనే తర్వాత జరిగిన నష్టం అర్థమవుతుంది. సున్నపు పూత తడిగా ఉండగానే ముక్కల్ని ఒక్కొక్కటిగా నొక్కుతారు. ముఖం దగ్గర సన్నవి, బట్టల దగ్గర, నేపథ్యంలో కాస్త పెద్దవి. పైభాగం అద్దంలా సమంగా ఉండదు. ఒక్కో ముక్క కొద్దిగా ఒక్కో వైపు వాలి ఉంటుంది కాబట్టి, కింద దీపం కదిలితే పైన బొమ్మ వెలుగు మారుతుంది. ఆ వాలు, ఆ గోడ వంపు, కింద నిలబడ్డ భక్తుడి కంటి ఎత్తు అన్నీ కలిస్తేనే ఆ చిత్రం. ఒక అపొస్తలుడి ముఖాన్ని కోసి పట్టుకుపోయినవాడు ముఖాన్ని మాత్రమే పట్టుకుపోగలడు. అందుకే కట్టడాన్ని ఉన్నచోటనే కాపాడాలన్న నియమం చట్టంలో అంత గట్టిగా ఉండాలని నేను నమ్ముతాను.

1974 జులైలో గ్రీసు సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో తిరుగుబాటు జరిగింది. ఆ వెంటనే టర్కీ సేనలు దిగాయి. ఆగస్టు నాటికి దీవిలో మూడో వంతుకు పైగా వాటి చేతికి వచ్చింది. లిత్రంకోమి ఆ భాగంలోనే ఉంది. గ్రీకు మాట్లాడే ఊరివాళ్లు, వాళ్ల ఫాదరీ 1976 దాకా అక్కడే ఉండి చివరికి ఊరు విడిచారు. వాళ్లు వెళ్లేనాటికి మొజాయిక్ గోడ మీదే ఉంది. 1979 నవంబరులో దక్షిణాన ఉన్న పురావస్తు శాఖకు కబురందింది: చర్చి లోపల ధ్వంసం చేశారు, మొజాయిక్‌ను ఊడదీసుకుపోయారు. ఈ మధ్యలోనే, 1977లో, డంబార్టన్ ఓక్స్ సంస్థ ఆ చర్చి మొజాయిక్‌ల మీద మెగా, హాకిన్స్ అనే ఇద్దరు పండితులు రాసిన గ్రంథాన్ని అచ్చేసింది. శాంతికాలంలో శుభ్రం చేస్తూ, కొలుస్తూ, ఫోటోలు తీస్తూ చేసిన ఏళ్ల తరబడి పని అది. గోడ ఖాళీ అయిన రోజుల్లోనే ఆ గోడ వివరమంతా పుస్తకంగా వచ్చింది. దొంగసొత్తును గుర్తుపట్టడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఇంకేం కావాలి?

ఇక చట్టం. 1907 హేగ్ నిబంధనల్లో 56వది చూడండి. మత సంస్థలు, ధర్మ సంస్థలు, విద్య, కళల సంస్థల ఆస్తి ప్రభుత్వానిదే అయినా సరే, దాన్ని ప్రైవేటు ఆస్తిగానే ఎంచాలని అంటుంది. అవే నిబంధనల్లో మరోచోట, ప్రైవేటు ఆస్తిని జప్తు చేయకూడదని ఉంది. చర్చికి కొత్త రక్షణేదీ కనిపెట్టకుండా, అప్పటికే గట్టిగా నిలబడ్డ రక్షణ కిందికి దాన్ని తెచ్చి నిలిపారు. ముసాయిదా రాసినవాళ్ల నేర్పు నాకు ఈ ఒక్క వాక్యంలోనే కనపడుతుంది. 1954 హేగ్ ఒప్పందం ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని 5వ అధికరణం ఆక్రమించిన దేశానికి హక్కు ఇవ్వదు, పని అప్పగిస్తుంది. ఆ పని కూడా సొంతంగా చేయమనదు, ఆక్రమణలో ఉన్న దేశపు పురావస్తు అధికారులకు సాయపడమంటుంది. యుద్ధంలో దెబ్బతిన్న కట్టడాన్ని వాళ్లు చూసుకోలేని పక్షంలో, వాళ్లతో కలిసి, అత్యవసరమైనంత మేరకే చేయమంటుంది. యజమాని ఎవరు, తాత్కాలికంగా కాపలా ఉన్నది ఎవరు అన్నది ఎక్కడా తారుమారు కాదు. దానితోపాటే వచ్చిన ప్రోటోకాల్, ఆక్రమిత భూమి నుంచి సాంస్కృతిక వస్తువులు బయటికి పోనీయవద్దనీ, యుద్ధ పరిహారం కింద అట్టేపెట్టుకోవద్దనీ చెప్పింది. 1999 నాటి రెండో ప్రోటోకాల్, అక్కడి వస్తువును కాపాడటానికో నమోదు చేయడానికో తప్పనిసరైతే తప్ప తవ్వకాలు కూడా జరపకూడదని అంది. భారతదేశం 1954 ఒప్పందంలో 1958లో చేరింది. సైప్రస్ 1964లో, టర్కీ 1965లో చేరాయి.

ఈ ఒప్పందపు పాఠంలో బలహీనత లేదని చెప్పను. 5వ అధికరణంలో 'వీలైనంత వరకు' అన్న మాట ఉంది. తప్పించుకోదలచినవాడికి అది చాలు. లిత్రంకోమి గోడను ఒప్పందం ఒక్కటీ కాపాడలేకపోయింది.

చర్చి హక్కును కాపాడింది ఉత్తరాలు. 1979లో కబురందిన నాటి నుంచి సైప్రస్ అధికారులు యునెస్కోకు, అంతర్జాతీయ మ్యూజియంల మండలికి, యూరప్ కౌన్సిల్‌కు, డంబార్టన్ ఓక్స్‌కు, పెద్ద మ్యూజియంలకు, సోథెబీస్, క్రిస్టీస్ వంటి వేలం సంస్థలకు రాస్తూనే ఉన్నారు. ఏళ్లు గడిచినా మానలేదు. 1988 జులైలో జెనీవా విమానాశ్రయపు ఫ్రీ పోర్టులో, అంటే సుంకం కట్టకుండా సరుకు నిల్వ ఉంచే చోట, ఇండియానా డీలర్ ఆ నాలుగు ముక్కల్ని చూసి, రోజుల వ్యవధిలోనే 10 లక్షల 80 వేల డాలర్లు నూరు డాలర్ల నోట్లలో చెల్లించి తీసుకున్నారు. ఉత్తర సైప్రస్‌లో పాడుబడ్డ చర్చి శిథిలాల్లో దొరికాయని అమ్మకందారు తరఫున చెప్పారు. తర్వాత 2 కోట్ల డాలర్లకు గెట్టీ మ్యూజియంకు చూపించారు. గెట్టీ క్యురేటర్ మారియన్ ట్రూ కొనలేదు. సైప్రస్ పురావస్తు శాఖ డైరెక్టర్ వాసోస్ కరాగియోర్గిస్‌కు విషయం చెప్పారు. 1989లో దావా దాఖలైంది.

నోలండ్ ఈ చిక్కుముడిని విప్పిన తీరు చూడండి. మొదటి ఆటంకం కాలపరిమితి. ఇండియానా చట్టం ప్రకారం ఇలాంటి దావాకు ఆరేళ్లే గడువు, మొజాయిక్ పోయి పదేళ్లు కావస్తోంది. వస్తువు ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో శ్రద్ధగా వెతికినా తెలియని యజమానికి గడువు లెక్క మొదలు కాదన్నారు ఆయన. ఆ శ్రద్ధకు రుజువులు పైన చెప్పిన ఉత్తరాలే. రెండోది యాజమాన్యం. చర్చి వాటిని ఎన్నడూ అమ్మలేదు, వదులుకోలేదు, ఎగుమతికి అనుమతించలేదు. దొంగ దగ్గర కొన్నవారికి ఇండియానా చట్టంలో హక్కు రాదు. అక్కడితో తీర్పు ముగించవచ్చు. ఆయన ముగించలేదు. అమ్మకం స్విట్జర్లాండ్‌లో జరిగింది గదా, అక్కడి చట్టంలో మంచి నమ్మకంతో కొన్నవారికి దొంగసొత్తు మీద కూడా హక్కు రావచ్చు గదా అన్న వాదనను తనే పూర్తిగా తీసుకుని పరిశీలించారు. వస్తువు వచ్చింది ఆక్రమిత ప్రాంతం నుంచి. అది పూజా వస్తువు. ధరకూ విలువకూ పొంతన లేదు. అమ్మేవారి గురించి కొనేవారికి తెలిసింది దాదాపు శూన్యం. బేరం హడావుడిగా సాగింది. ఇన్ని కనపడుతుంటే కొనేవారు సైప్రస్ ప్రభుత్వాన్ని గానీ చర్చిని గానీ ఇంటర్‌పోల్‌ను గానీ అడగలేదు. బైజాంటైన్ కళ తెలిసి, ఈ బేరంలో లాభాపేక్ష లేని నిపుణుడిని ఒక్కరినీ సంప్రదించలేదు. అది మంచి నమ్మకం అనిపించుకోదన్నారు. అప్పీలుకు వెళ్లేవారికి రెండు దారులూ అలా మూసేశారు.

1990 అక్టోబరులో సెవెంత్ సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పును ఖాయం చేసింది. అక్కడ డీలర్ తరఫున మరో వాదన వచ్చింది. 1974 తర్వాత ఉత్తరాది పాలకులు చేసిన శాసనాలు వదిలేసిన చరాస్తులనూ పురావస్తువులనూ తమవిగా ప్రకటించాయి కాబట్టి చర్చి హక్కు అప్పుడే పోయిందన్నారు. టర్కీ తప్ప ఎవరూ గుర్తించని ప్రభుత్వపు శాసనాలకు తాము విలువ ఇవ్వబోమని ప్రధాన తీర్పు రాసిన చీఫ్ జడ్జి బావర్ తేల్చారు. అదే ధర్మాసనంలోని జడ్జి కుడాహి తీర్పుతో ఏకీభవిస్తూ విడిగా తన అభిప్రాయం రాయకపోతే హేగ్ ఒప్పందం ఈ కేసులో ఎక్కడా పలికేది కాదు. 1954 ఒప్పందాన్ని, 1970 నాటి యునెస్కో ఒప్పందాన్ని ఆయన ముందుకు తెచ్చారు. చర్చి హక్కును లాగేసుకునే అలాంటి శాసనాలు ఆ ఒప్పందాల స్ఫూర్తికి విరుద్ధమన్నారు. అప్పటికి అమెరికా హేగ్ ఒప్పందంలో సభ్యదేశం కూడా కాదు, 2009లో గానీ చేరలేదు. తన దేశాన్ని కట్టిపడేయని ఒప్పందంలోని న్యాయాన్ని గుర్తించి రికార్డులో పెట్టిన ఆ జడ్జి మీద నాకు ప్రత్యేక గౌరవం.

నాలుగు ముక్కలూ 1991లో సైప్రస్ చేరాయి, నికోసియాలోని బైజాంటైన్ మ్యూజియంలో ఉన్నాయి. 1997లో మ్యూనిక్‌లో జరిగిన పోలీసు సోదాల్లో మరికొన్ని దొరికాయి. అంద్రెయ, మార్కు బొమ్మలు 2018లో వచ్చాయి. లిత్రంకోమి గోడ మీదికి మాత్రం ఏదీ చేరలేదు.

అదే కార్పాస్ కొసన అపోస్తొలోస్ ఆంద్రెయాస్ మఠం ఉంది. 2008లో ఏర్పడిన ఉభయ సమాజాల సాంకేతిక కమిటీలో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ ఇంజినీర్లు, పురావస్తు నిపుణులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఉత్తరాన చర్చిలకూ దక్షిణాన మసీదులకూ మరమ్మతులు చేయిస్తారు. ఈ మఠం పనులు 2014లో మొదలయ్యాయి. ఖర్చు పెట్టుకున్నది సైప్రస్ చర్చి, దానితో కలిసి టర్కిష్ సైప్రియట్‌ల ముస్లిం ధర్మాదాయ సంస్థ ఎవ్‌కాఫ్. 5వ అధికరణం అడిగిన సహకారం, ఆ అధికరణం పేరు ఎత్తకుండానే అక్కడ రాయి రాయిగా సాగింది.